ట్రయల్

మెకానిక్ షాపులో ట్రయల్ అంటే ఒకటే అర్థం. బండి రిపేరు అయ్యాక, గిరాకి చేతికి తాళంచెవి ఇచ్చేముందు, మెకానిక్ దాని మీదెక్కి నాలుగు గల్లీలు తిరిగొస్తాడు. క్లచ్ సరిగ్గా పడుతోందా, బ్రేకు ఆగుతోందా, ట్యాపెట్ల చప్పుడు పోయిందా, హ్యాండిల్ ఒక పక్కకు గుంజుతోందా, అంతా ఆ పది నిమిషాల్లో తేలిపోవాలి. మౌలాలి గుట్ట కింద అబ్బా షాపులో మేం ముగ్గురన్నదమ్ములం పెరిగింది ఈ ట్రయళ్ల మీదే. యెజ్డి, రాజ్‌దూత్, బుల్లెట్ల కాలం నుంచి స్ప్లెండర్, పల్సర్ల దాకా మేం ట్రయల్ కొట్టని బండి లేదు. మా ఇంట్లో కొన్న కొత్త బండీ లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ నగరంలో ఏ బస్తీకైనా వెళ్లి చూడండి. పంక్చర్లు వేసేచోట, వెల్డింగ్ చేసేచోట, సీటు కవర్లు కుట్టేచోట, డెంటింగ్ పెయింటింగ్ షెడ్లలో మావాళ్లు కనిపిస్తారు. యంత్రంతో మా చుట్టరికం పాతది. నిజాం కాలంలో, 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. మా దాదా అందులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అబ్బాకు రైల్వేలో చోటు దొరకలేదు. దాదా చేతిలోని పానా మాత్రం దొరికింది. ఫీజు కట్టలేని ఇంట్లో పిల్లవాడి చేతికి పెన్ను కన్నా ముందు పానా వస్తుంది. లోకం దాన్ని హునర్ అని మెచ్చుకుంటుంది. "సాయిబు చెయ్యి పడితే బండి మాట వింటది" అంటుంది. ఆ చెయ్యి ఎప్పటికీ బండి కిందే ఉండాలని కూడా అనుకుంటుంది.

2025లో మేం ముగ్గురం కలిసి ఒక అడ్వెంచర్ బండి కొందామనుకున్నాం. ఒక్కొక్కరిగా మా వల్ల కాదు కాబట్టి ముగ్గురం కలిసి. అడ్వెంచర్ బండి అంటే ఏమీ లేదు, తారు రోడ్డు మీద, తారు పోయిన రోడ్డు మీద కూడా నడవాల్సిన బండి. ఎత్తుగా ఉంటుంది. ముందు చక్రం పెద్దది. షాకబ్సర్లు ఎక్కువ లోతుకు దిగి లేస్తాయి. హ్యాండిల్ వెడల్పు, అవసరమైతే లేచి నిలబడి నడపొచ్చు. ఒకప్పుడు ఇలాంటివి దిగుమతి చేసుకునేవాళ్లకే దక్కేవి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్ తెచ్చింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2022లో యెజ్డి అడ్వెంచర్, సుజుకి వీ స్ట్రామ్ ఎస్ఎక్స్, 2023లో 452 సీసీ కొత్త హిమాలయన్ వరసగా వచ్చాయి. మధ్యతరగతి వాడు చిట్టీ పాడుకుంటే అందుకోగల ఎత్తుకు దిగాయి.

ప్రకటనల్లో ఈ బండ్లు ఎప్పుడూ మంచుకొండల్లోనే ఉంటాయి. మా లెక్క వేరు. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు సొంత బండి మీద పోవాలని అమ్మీకి ఎన్నాళ్లుగానో ఉంది. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో ఉంది ఆ దర్గా. ముస్లింల కన్నా ఇతరులే ఎక్కువగా కనిపించే జాతర అది. హైవే దిగాక ఊళ్ల రోడ్లు, కాల్వగట్లు, కంకర. ఆ దారిలో అమ్మీ నడుముకు దెబ్బ తగలకుండా తీసుకుపోయే బండి కావాలి. మాకు కావలసిన అడ్వెంచర్ ఇంతే.

షోరూముకు మొదటిరోజు ముగ్గురం కలిసే వెళ్లాం. అద్దాల తలుపు తీసుకుని లోపలికి పోగానే చల్లగాలి, కొత్త టైర్ల వాసన. ఒక బండి దగ్గర ఆగి చైను వేలితో ఎత్తి చూశాం, వంగి సైలెన్సర్ కింద చూశాం. అలవాటు, ఏం చేస్తాం? సేల్స్ కుర్రాడు వచ్చి నవ్వుతూ అడిగాడు: "ఓనర్ రాలేదా భాయ్?"

ఎవరో కొనుక్కునేవాడు బండి చూసి పెట్టమని మెకానిక్‌లను పంపించాడనుకున్నాడు. అతనిలో చెడ్డతనమేమీ లేదు. ఉండి ఉంటే మాకు సులువయ్యేది, ఒక మాట అనేసి వచ్చేవాళ్లం. మేమే కొంటామన్నాక అతను తడబడి, లైసెన్సు తీసుకుని పేరు చదివి, "తెలుగు భలే మాట్లాడుతున్నారే" అన్నాడు. మా అమ్మీ పుట్టింది ఇక్కడ, మేం పుట్టింది ఇక్కడ. తెలుగు మీడియంలో పదో తరగతి రాసినవాళ్లం. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, షాపులో రెండూ. మా తెలుగును మెచ్చుకునేవాళ్లను చూస్తే మాకు సంతోషం ఎందుకు కలగదో మీలో కొందరికైనా తెలుసు. ఆఖరికి అతనే మంచిమాటగా సలహా ఇచ్చాడు: "మీకు పనొచ్చు గదా, సెకండ్ హ్యాండ్ తీసుకోండి, బాగు చేసుకోవచ్చు."

సెకండ్ హ్యాండ్ ఇల్లు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, సెకండ్ హ్యాండ్ కూలర్. బండి కూడా ఎందుకు? బాగు చేసుకోవడం వచ్చినవాడికి కొత్తది అక్కర్లేదని ఎవరు రాశారు? ఆరోజే గట్టిగా అనుకున్నాం. కొంటే కొత్తదే. అయిదు రకాలనూ నడిపి చూశాకే.

టెస్ట్ రైడ్ అంటే చాలామంది షోరూము ముందు రోడ్డు మీద ఒకసారి పికప్ చూసి వచ్చేస్తారు. పికప్ ఏ బండికైనా ఉంటుంది. మేం మా ట్రయల్ పద్ధతే పెట్టుకున్నాం. మొదట ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. వేడెక్కించి పెట్టిన ఇంజన్ రోగం దాచిపెడుతుంది. తర్వాత బండి ఆఫ్‌లోనే ఉంచి, వాలు మీద కూర్చుని, కాళ్లతో వెనక్కి నెట్టుకోగలమా చూడాలి. గల్లీలో కాలు కింద పెట్టకుండా యూటర్న్ తిప్పాలి. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని రెండో గేర్లో ఇరవై స్పీడులో ఎత్తు ఎక్కించాలి. ఫుట్‌రెస్టుల మీద నిలబడి స్పీడ్‌బ్రేకర్లు దాటాలి. ట్రాఫిక్‌లో తిరిగొచ్చాక ఇంజన్ ఆపకుండా అయిదు నిమిషాలు అలాగే కూర్చుని, ఫ్యాన్ గాలి ఏ కాలికి కొడుతోందో చూడాలి. వీలైతే సాయంత్రం చీకటి పడ్డాక ఒకసారి లైటు చూడాలి. చివరగా స్పేరు పార్టుల కౌంటరు దగ్గరికి పోయి క్లచ్ లివరు ఎంత, ఎయిర్ ఫిల్టర్ ఎంత, చైన్ సెట్టు ఎంత అని రాసుకోవాలి. బండి ధర ఒకసారే కడతాం. ఇవి జీవితాంతం కడతాం.

మాలో పెద్దవాడు అయిదడుగుల మూడంగుళాలు, నడిమోడు ఆరంగుళాలు, చిన్నోడు పదంగుళాలు. ఒకే బండి ముగ్గురికీ సరిపోవాలి. కాగితం మీద సీటు ఎత్తులు ఇలా ఉన్నాయి: యెజ్డి 815 మిల్లీమీటర్లు, హిమాలయన్ 825, ఎక్స్‌పల్స్ 210ది 830, వీ స్ట్రామ్ 835. కేటీఎం 2020లో వచ్చినప్పుడు 855 ఉండేది, 2025 మోడల్లో 830కి దించారు. ఈ అంకెలు అబద్ధం కాదు గానీ, పూర్తి నిజం కూడా కాదు. సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు విప్పుకుని కాలు పొట్టిదవుతుంది. సన్నగా ఉంటే పది మిల్లీమీటర్లు ఎత్తయినా పాదం ఆనుతుంది. మనిషి కూర్చోగానే స్ప్రింగు ఎంత దిగుతుందో దాన్నిబట్టి కూడా మారుతుంది. అందుకే సీటు ఎత్తును టేపుతో కాదు, రోజూ తొడిగే చెప్పులతో కొలవాలి.

కొత్త హిమాలయన్‌ను పెద్దవాడు దిగనన్నాడు. 196 కిలోలు. కాని ఆ బరువంతా కిందిభాగంలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. 17 లీటర్ల ట్యాంకు. ముందు 21 అంగుళాల చక్రం. పెద్ద చక్రం ఎందుకు మంచిదంటే, గుంత అంచు దానికి తక్కువ ఎత్తుగా తగులుతుంది; చిన్న చక్రం గుంతలో పడిపోయే చోట పెద్దది దాని మీదుగా దొర్లిపోతుంది. పాత 411ను మేం షాపులో విప్పి బిగించినవాళ్లం. దాని బోరు 78, స్ట్రోకు 86. స్ట్రోకు పొడుగున్న ఇంజన్ ఎద్దులాగా తక్కువ వేగంలో లాగుతుంది. కొత్తదాంట్లో బోరు 84, స్ట్రోకు 81.5. 24 హార్స్‌పవర్ ఉన్నచోట 40 వచ్చింది. ఎద్దు గుర్రమైంది. గుర్రం మంచిదే, కాని గేరు చూసుకుంటూ నడపాలి.

కేటీఎం దగ్గర చిన్నోడు కదల్లేదు. 399 సీసీ, 46 హార్స్‌పవర్. ఘట్‌కేసర్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద నడిపాం. ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు కదా. యాక్సిలరేటర్ తిప్పిన చోటల్లా బండి సిద్ధంగా ఉంటుంది. నిలబడి నడిపితే చిన్నోడి పొడుగుకు దర్జీ కొలిచి కుట్టినట్టుంది. పెద్దవాడు దాని మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా దిగాడు.

ఎక్స్‌పల్స్ మట్టిరోడ్డుకు పుట్టినట్టే ఉంది. తేలిక, ఊరూరా స్పేరు దొరుకుతుంది. హైవే మీద ఇద్దరితో దూరం పోవాలంటే మాకు ఇంకాస్త ఇంజన్ కావాలనిపించింది. యెజ్డి పేరు చూసి అబ్బా కళ్లు మెరిశాయి. మైసూరులో 1996లో ఆగిపోయిన పేరు అది, పేరే తిరిగొచ్చింది, లోపల 334 సీసీ నీళ్లతో చల్లబడే ఇంజన్. అబ్బాకు తెలిసిన ఆ టూస్ట్రోక్ పొగ లేదు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి "బేటా, ఇది నా చేతిది కాదు" అన్నాడు.

ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, సెన్సార్లు వచ్చాయి. మంచిదే. కంకర మీద వెనక చక్రం ఏబీఎస్ ఆపుకునే మీట కూడా ఈ బండ్లలో చాలావాటికి ఉంది. గుల్లరాళ్ల మీద ఒక్కోసారి చక్రం ఆగి కొంచెం జారితేనే బండి నిలుస్తుంది. గాలి శుభ్రపడాలి, ప్రాణం నిలవాలి, వద్దనేవాళ్లం కాదు. కాని ఇప్పుడు బండి జబ్బు చెవితో వింటే తెలియదు. కంప్యూటర్ తగిలించి కోడు చదవాలి. ఆ యంత్రం, ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ సర్వీసు సెంటర్లో ఉంటాయి. చెట్టుకింది మెకానిక్‌కు మిగిలేవి చైను, బ్రేకు ప్యాడ్లు, పంక్చరు. బండ్లు పోల్చుకోవడానికి పోయిన మేం ప్రతిచోటా సీటు ఎత్తి, ట్యాంకు కింద వేళ్లు పెట్టి చూసింది దీని కోసమే. ఎక్కడిదాకా మా చెయ్యి పోతుంది? ఎక్కడ ఆగుతుంది? తాతల నుంచి వచ్చిన పనిలో మా పిల్లలకు మిగిలే జాగా ఎంత? కంపెనీ కాగితంలో ఆ కొలత ఎక్కడా లేదు.

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటినవాటికి, సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది, 40 అయింది. మా అయిదు బండ్ల మధ్య గీత పడ్డది అక్కడే. హిమాలయన్, కేటీఎం గీతకు అవతల, మిగతా మూడూ ఇవతల. అవతలివి కావాలంటే లోను తీసుకోవాలి. షోరూములో కూర్చున్న ఫైనాన్స్ మనిషి ముందే అన్నాడు: "మీవాళ్లు వడ్డీకి తీసుకోరు కదా?" అబ్బా తీసుకోడు, నిజమే. మా తరంలో కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు. అడగాలి కదా? అడిగితే తీసుకునేవాళ్లమో కాదో చూద్దామని సరే అన్నాం. అడ్రసు రాసుకుంటూ అడిగాడు: "మౌలాలిలో ఎక్కడ? హౌసింగ్ బోర్డా, గుట్ట కిందా?" గుట్ట కింద అన్నాం. కలం ఆగింది. రెండ్రోజుల తర్వాత ఫోను: "ఏరియా ప్రొఫైల్ కుదరలేదు."

ఇది మాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు నెగెటివ్ జోన్లుగా గుర్తించి అప్పులు సులువుగా ఇవ్వడం లేదని 2006లోనే సచార్ కమిటీ రాసింది. మీరు తీసుకోరు అని ఒకడంటాడు, మేం ఇవ్వం అని ఇంకొకడంటాడు. మధ్యలో మేమున్నాం. మా గుట్ట సంగతి చూడండి. కుతుబ్‌షాహీల కాలం నుంచి, రజబ్ నెల పదిహేడున, కులమతాలు చూడకుండా జనం ఆ మెట్లెక్కుతున్నారు. గుట్ట కిందనే ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో చనిపోయిన ఆ మనిషిని చూడటానికి ఇప్పటికీ దూరాల నుంచి వస్తారు. మొక్కు తీర్చుకోవడానికి అందరికీ పనికొచ్చిన గుట్ట, లోను కాగితం మీదికి వచ్చేసరికి నెగెటివ్ అయింది.

ట్రయల్‌కు ఇంకో అర్థం కూడా మా బస్తీల్లో అందరికీ తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక మా వయసు పిల్లల్ని ఎందరినో పట్టుకుపోయారు. జైళ్లలో పెట్టారు. తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. పోయిన నెలలు, పోయిన చదువులు తిరిగిరాలేదు. తెల్లవారకముందే బస్తీని చుట్టుముట్టి కాగితాల్లేని బండ్లను ఎత్తుకుపోయే కార్డన్ సెర్చ్‌లూ ఈ నగరంలో చూశాం. అందుకే బండి అనగానే అమ్మీ అడిగే మొదటి మాట మైలేజీ కాదు, "కాగజ్ సబ్ హై నా?" అడ్వెంచర్ బండ్లకు రెండు పక్కలా పెట్టెలు బిగించుకుంటారు. ఫొటోల్లో అందంగా ఉంటాయి. ముగ్గురం ఆ పెట్టెలు చూసి ఒకేసారి ఒకటే అనుకున్నాం. గడ్డమున్న మనిషి, రాత్రిపూట, తెలియని ఊళ్లో, రెండు పెట్టెలతో. ఎవరైనా ఆపితే? కాకీ బట్టలవాడు ఆపినా ఫర్వాలేదు, కాగితాలు చూపిస్తాం. కాషాయం కట్టుకున్న కుర్రాళ్లు ఆపితే ఏ కాగితం చూపించాలి? ఏ రివ్యూలోనూ ఈ సంగతి రాయరు. గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో రాస్తారు. మనిషికి క్లియరెన్స్ ఎంతో రాయరు.

పెట్టెలు వద్దనుకున్నాం. బట్టల సంచి చాలు.

చివరి పరీక్ష అమ్మీది. ఇంటికే బండి తెచ్చి చూపిస్తామని ఇప్పుడు చాలా షోరూములవాళ్లు అంటారు. ఒకచోట అడ్రసు చెప్పగానే డెమో బండి ఖాళీ లేకుండా పోయింది. ఇంకోచోటి కుర్రాడు మాత్రం ఆదివారం పొద్దున్నే వీ స్ట్రామ్ వేసుకుని నేరుగా మా గల్లీలోకి వచ్చేశాడు. వరంగల్ పక్క పల్లెటూరివాడు. ఇరానీ చాయ్ తాగి, "అమ్మా, మీరే ఎక్కి చూడండి" అన్నాడు. అమ్మీ బండి ఎత్తు చూసి "ఇత్తీ ఊంచీ గాడీ కైకు రే?" అని మామీద కేకలేసింది. ఇంత ఎత్తు బండి ఎందుకురా అని. ఎత్తు బండి ఎక్కాలంటే వెనక కూర్చునేవాళ్లు ఎడమవైపు ఫుట్‌రెస్టు మీద కాలుపెట్టి మెట్టెక్కినట్టు ఎక్కాలి. అప్పుడు బండి ఎడమకు ఒరుగుతుంది. ముందున్నవాడు దాన్ని నిలబెట్టాలి. పొట్టివాడికి 196 కిలోలు నిలబెట్టడం వేరు, 167 నిలబెట్టడం వేరు. పెద్దవాడు రెండు మునివేళ్ల మీద ఉండి కూడా వీ స్ట్రామ్‌ను కదలనివ్వలేదు. అమ్మీ బురఖా మోకాళ్లదాకా మడుచుకుని, కింద సల్వార్‌తో, జిందగీలో మొదటిసారి రెండువైపులా కాళ్లేసి కూర్చుంది. వెనక చక్రం పక్క గార్డు ఉందా అని చిన్నోడు వంగి చూశాడు. వెనక కూర్చున్నవాళ్ల బట్ట చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. దాన్ని అందరం చీర గార్డు అంటాం. బురఖాను కూడా అదే కాపాడుతుంది. గార్డుకు తేడా తెలియదు.

గుట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చారు. దిగాక అమ్మీ మోకాలు పట్టుకుని ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "సీటు మంచిగుంది" అంది. మా ఇంట్లో దానికి మించిన తీర్పు లేదు.

తీసుకున్నది అదే. 249 సీసీ, 26.5 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, ఆయిలుతోనే చల్లబడుతుంది, రాయి తగిలి పగిలే భాగం ఒకటి తక్కువ. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరైతే చక్రం ఊడదీయకుండా దారిలోనే వేసుకోవచ్చు. జీఎస్టీ గీతకు ఇవతల ఉంది కాబట్టి చిట్టీ డబ్బులు సరిపోయాయి, ఎవడి లోనూ అక్కర్లేకపోయింది. కోల్పోయింది కూడా చెప్పాలి. ట్యాంకు 12 లీటర్లే. ముందు చక్రం 21 కాదు, 19. గ్రౌండ్ క్లియరెన్స్ 205 మిల్లీమీటర్లు, హిమాలయన్‌కు 230. పెద్దవాడి మనసు ఇంకా హిమాలయన్ మీద ఉంది. చిన్నోడు కేటీఎం కనిపిస్తే తల తిప్పి చూస్తాడు. పోల్చి చూసుకోవడమంటే అన్నిటికన్నా గొప్పది ఎంచుకోవడం కాదు. మన ఇంటి పొట్టివాడు, మన ఇంటి ముసలామె, మన జేబు, మన గల్లీ, ఇన్నిటికీ కలిపి సరిపోయేది ఎంచుకోవడం. మీ ఇంట్లో కొలతలు వేరైతే మీ బండి వేరవుతుంది.

ఈ బండి మీద మేం జాన్‌పహాడ్ పోతాం. నాగార్జునసాగర్ పోతాం, శ్రీశైలం అడవిదారిలో పోతాం. దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆగుతాం. మా గడ్డం, మా అమ్మీ బురఖా మీకు కనిపిస్తాయి. కనిపించనియ్యండి, దాచుకునేవేం కాదు. ఎక్కడినుంచి వస్తున్నారు, ఎందుకొచ్చారు అనే ప్రశ్నలు మేం చాలా విన్నాం. కొత్త బండిని చూస్తే ఈ నేల మీద ఎవడైనా ఎవణ్నైనా అడిగే ప్రశ్న ఒకటుంది. దగ్గరికి వచ్చి, సీటు మీద చెయ్యివేసి, అదే అడగండి. "మైలేజీ ఎంతిస్తది భాయ్?" మెకానిక్‌లం కదా, ఆ ఒక్క ప్రశ్నకు గంటసేపు జవాబు చెప్పగలం. కావాలంటే తాళంచెవి ఇస్తాం, మీరూ ఒక ట్రయల్ కొట్టి రండి.